‘ఇంప్రూవింగ్ వెల్’

కాగితాల కవరు బల్ల మీద పెట్టి ఆ తల్లి ఒక్క మాటే అంది. “మేడమ్, మీరు రాసిందే చూపించి కుదరదన్నారు.”

కృష్ణా డెల్టాలోని ఒక చిన్న పట్టణంలో ఇరవై ఏళ్లుగా పిల్లల వైద్యం చేస్తున్న ఆ డాక్టరమ్మ తన చీటీని తనే మళ్లీ చదువుకున్నారు. ఆరేళ్ల బాబు. ఆటిజం. కింద తన చేతిరాతలోనే ‘ఇంప్రూవింగ్ వెల్’. మూడేళ్లుగా పిల్లాణ్ణి స్పీచ్ థెరపీకి తిప్పుతున్న తల్లికి కాస్త ధైర్యం చెబుదామని రాసిన మాట అది. వైకల్య నిర్ధారణ బోర్డు దాకా వెళ్లేసరికి అదే పిల్లాడికి అడ్డుపడింది.

ఆటిజాన్ని మన దేశంలో ‘ఇసా’ అనే స్కేలుతో కొలుస్తారు. అది తయారైంది మన సికింద్రాబాద్‌లోనే, ఒకప్పుడు ఎన్ఐఎంహెచ్ అని పిలిచిన జాతీయ సంస్థలో. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70కి తగ్గితే ఆటిజం లేనట్టే లెక్క. బాబుకు 66 వచ్చాయి. పింఛను రావాలంటే కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండాలి. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పింఛను నెలకు 6,000 రూపాయలు. తండ్రి ఆటో నడిపే ఆ ఇంట్లో ఆ డబ్బుంటే థెరపీ ఆగదు.

66 ఎలా వచ్చిందో డాక్టరమ్మ ఓపిగ్గా అడిగి తెలుసుకున్నారు. ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికే లేచి బస్సెక్కారు. మధ్యాహ్నం పిలుపు వచ్చేసరికి పిల్లాడు అలసిపోయి తల్లి ఒళ్లో ఒరిగిపోయాడు. ‘గోల చేయడే!’ అనుకున్నారు చూసినవాళ్లు. “సొంతంగా తింటాడా?” అని అడిగితే ఆమె “తింటాడండీ” అంది. అబద్ధం కాదు. కానీ పెరుగన్నం ఆమే కలపాలి, అదే స్టీలు పళ్లెంలో పెట్టాలి, ముద్ద చేసి చేతికివ్వాలి. పళ్లెం మారిందా, ఆ పూటకు పస్తే. ఇదంతా చెప్పుకోవడానికి ఆమెకు నోరు రాలేదు. నలుగురి ముందూ బిడ్డను తక్కువ చేసి మాట్లాడగల తల్లి ఉంటుందా?

“అయితే ఇంకోసారి స్లాటు బుక్ చేసుకోమంటారా?” అంది. చాలామంది చేసేది అదే. అవే కాగితాలు పట్టుకుని మళ్లీ వరసలో నిలబడతారు, మళ్లీ అదే జవాబుతో తిరిగొస్తారు. డాక్టరమ్మ వద్దన్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ అప్పీలుకు దారి ఇచ్చింది. సర్టిఫికెట్ ఇవ్వకపోతే ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేయాలని 58వ సెక్షన్ చెబుతోంది, కారణాలు కూడా చెప్పాలని నిబంధనల్లో ఉంది. ముందు ఆ కాగితం తెచ్చుకోమన్నారు. ఎందుకు కాదన్నారో తెలియకుండా అప్పీలు రాయడం చీకట్లో సూది వెతకడమే.

తర్వాత ఓ నోటుపుస్తకం కొనుక్కోమన్నారు. “పదిహేను రోజులు, వాడు లేచింది మొదలు నిద్రపోయేదాకా జరిగింది జరిగినట్టు రాయమ్మా. పెంచొద్దు, దాచొద్దు.” పదో తరగతి దాకా చదివిన ఆ తల్లి రాసుకొచ్చింది. పళ్లు తోమించడానికి ముప్పావు గంట. పక్కింట్లో కుక్కర్ కూత పెట్టగానే చెవులు మూసుకుని తల గోడకేసి కొట్టుకోవడం. రాత్రి రెండింటికి లేచి గేటు దగ్గరికి నడవడం. అందుకని తాళం చెవి మెడలో వేసుకుని పడుకోవడం. మూడేళ్లుగా చూస్తున్న డాక్టరమ్మకే అందులో సగం తెలియదు.

ఆ పుస్తకం, స్పెషల్ ఎడ్యుకేటర్ ఉత్తరం, ఫోన్లో తీసిన వీడియోలు, డాక్టరమ్మ కొత్తగా రాసిచ్చిన రెండు పేజీల నివేదిక జతచేశారు. ఈసారి పరీక్షించిన సైకాలజిస్టు రెండు విడతలుగా కూర్చున్నారు. 98 వచ్చాయి, అంటే 60 శాతం.

ఇంకో పిల్లాడి కథ అచ్చంగా లెక్కల మీద నడిచింది. సెరిబ్రల్ పాల్సీతో కుడి చెయ్యి, కాలు బలహీనం. 30 శాతమన్నారు, పింఛనుకు కావలసిన 40 రాలేదు. చెవి సంగతి ఎవరూ అడగలేదు. పరీక్ష చేయిస్తే వినికిడి లోపం 20 శాతం తేలింది. రెండు లోపాలున్నప్పుడు నేరుగా కూడరు. 90లోంచి పెద్ద అంకెను తీసేసి, మిగిలినదాన్ని చిన్న అంకెతో హెచ్చవేసి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద అంకెకు కలుపుతారు. ఆ లెక్కన 43 దాటింది. సూత్రం మార్గదర్శకాల్లో ఉంది, అప్పీలు కాగితం మీద వేసి చూపించడమే మిగిలిన పని.

తలసీమియా పాపది మరో రకం ఇబ్బంది. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, 2016లో 21 అయ్యాయి. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ అప్పుడే చేరాయి. రక్తం ఎక్కించిన రెండోరోజే పాపను బోర్డుకు తీసుకెళ్లారు. బుగ్గలు ఎర్రగా, హుషారుగా ఉంది. నెలనెలా ఎక్కించిన రక్తం వివరాల పుస్తకం ఇంట్లోనే ఉండిపోయింది. అప్పీలులో ముందుగా పెట్టింది దాన్నే.

అన్ని అప్పీళ్లకూ డాక్టరమ్మ తలూపరు. పుట్టుకతో వంకరగా ఉన్న పాదాన్ని పాన్సెటీ పద్ధతిలో ప్లాస్టర్ కట్లు వేసి సరిచేశాక, పరుగెత్తి ఆడుకుంటున్న ఓ పిల్లాడి తండ్రి వచ్చారు. డాక్టరమ్మ పాదం పరీక్షించి, “బోర్డు సరిగ్గానే చెప్పిందండీ, ఛార్జీలు దండగ చేసుకోకండి” అన్నారు. ఆయన కోపంగానే వెళ్లిపోయారు. ఆటిజం బాబుకు రాసిన చేత్తోనే ఈ పిల్లాడికీ రాసిస్తే, రేపు ఆమె సంతకానికి ఏ బోర్డులోనూ విలువుండదు.

బాబు సర్టిఫికెట్‌కు గడువుంది, మళ్లీ చూపించి పొడిగించుకోవాలి. తల్లి రెండో నోటుపుస్తకం మొదలుపెట్టింది. మొన్న వాళ్లు వచ్చినప్పుడు డాక్టరమ్మ కేస్ షీట్‌లో ఇలా రాశారు: “గ్లాసు తనే పట్టుకుంటున్నాడు, ఇది కొత్త. నీళ్లు పోసివ్వాలి. తాగమని మూడుసార్లు చెప్పాలి. దాహమేస్తే అడగడు.”