సీటిచ్చినోడి మాట

పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చదవండి.

మేము పార్వతీపురం వైపు ఒక హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. రూములో ఆరుగురం, జాతాపులు, సవరలు. ఆరిళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది ముందు మేమే. మొన్న వానాకాలంలో బోరు మోటారు కాలిపోయింది. వారం దాటినా బాగు చెయ్యలేదు. బయట బోరింగు నుంచి బకెట్లతో మోసుకున్నాం. సంతకాలు పెట్టి అర్జీ పట్టుకెళ్తే, ఒక పెద్దాయన చదవకుండానే అన్నారు: "సీటిచ్చి, కూడెట్టి సదివిస్తంటే ఇంకా ఏటి మీ గొడవ?" మాకు నోట మాట రాలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాం.

ఆ నెలలోనే హిస్టరీ సెమినార్‌లో మాకు స్కాట్లాండ్ పడింది. మనకేటి సంబంధం అనుకుంటూనే చదివాం. 1290కి అక్కడ సింహాసనానికి సరైన వారసులు లేకుండా పోయారు. నాకంటే నాకని పోటీ. తగువు తీర్చమని ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డుని పిలిచారు. ఆయన "ముందు నన్ను మీ పైదొరగా ఒప్పుకోండి" అన్నాడు. ఒప్పుకున్నారు. 1292లో జాన్ బేలియల్‌కి రాజ్యం వచ్చింది. ఇక చూడండి. స్కాట్లాండ్‌లో చెప్పిన తీర్పుల మీద ఇంగ్లండులో అప్పీళ్లు. రాజునే వచ్చి జవాబు చెప్పమన్నారు. 1294లో ఫ్రాన్సు మీద యుద్ధానికి రమ్మన్నారు. ఎదురు తిరిగితే 1296లో దించేశారు. కోటు మీది రాజచిహ్నాలు పీకేశారు, అందుకే జనం ఆయన్ని 'ఖాళీ కోటు' అన్నారు. స్కాట్ రాజులకి పట్టం కట్టే రాయిని కూడా ఎత్తుకుపోయారు. అది తిరిగి వెళ్లింది 1996లో, ఏడు వందల ఏళ్ల తర్వాత!

అప్పుడు మన ఊళ్లు గుర్తొచ్చాయి. ఒకప్పుడు కురుపాం, మేరంగి, సాలూరు, పాచిపెంట జమీందార్ల మీద విజయనగరం రాజులది పైచేయి. ఆ విజయనగరం కంపెనీకి పేష్కషు కట్టాలి. బాకీ దగ్గర తగువు ముదిరి 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యంతో యుద్ధం జరిగింది. చిన విజయరామరాజు అక్కడే చనిపోయాడు. తర్వాత కంపెనీ ఆయన కొడుకు నారాయణబాబుకి జమీ తిరిగిచ్చింది, తగ్గించి. కొండ జమీందార్లకీ వాళ్ల ఎస్టేట్లు తిరిగిచ్చింది. అందరూ సంతోషించే ఉంటారు. కానీ ఇచ్చినవాడు కంపెనీ కదా! 1802లో విజయనగరానికి ఏడాదికి 5 లక్షల పేష్కషు ఖాయం చేసింది. గడువుకి కట్టకపోతే ఎస్టేటు వేలం.

ఆ జమీందార్లు మనవాళ్లు కారు, వాళ్ల కోసం మేము ఏడవడం లేదు. కప్పం పైనుంచి కిందకి జారుకుంటూ వచ్చి చివరికి పడేది పోడు కొట్టినోడి మీదే. పద్మనాభం గురించి చదివినంతలో మన తాతల పేరు ఒక్కటీ మాకు కనబడలేదు.

మాకు అర్థమైంది ఒక్కటే. కుర్చీ లాక్కున్నవాడిని జనం తిడతారు. కుర్చీ ఇచ్చినవాడికి మాత్రం దండం పెడతారు, ఆ దండంతోనే దొరికిపోతారు. "నేనిచ్చాను" అన్న మాట ఒప్పుకున్న రోజే బేలియల్ సగం ఓడిపోయాడు.

మరి మన సీటు ఎవరిచ్చారు? రాజ్యాంగం 15(4)లో మనకోసం ప్రత్యేక ఏర్పాట్లు చెయ్యొచ్చని ఉంది. 46లో మన చదువు బాగు ప్రత్యేక శ్రద్ధతో చూడాలని ఉంది. అది ఆఫీసులో కూర్చున్న ఆయన జేబులోంచి వచ్చింది కాదు. మన అమ్మానాన్నలు కొనే సబ్బు మీద పన్ను పోతూనే ఉంది. అన్నం పెట్టే వంటమ్మకి, పాఠం చెప్పే సారుకి కృతజ్ఞత ఉండాలి, ఉంటుంది. కృతజ్ఞత వేరు, లోబడి ఉండడం వేరు.

అర్జీ మళ్లీ రాశాం. మొదటిదాంట్లో "తమరి దయతో" అని ఉండేది. ఈసారి అది తీసేసి "మాకు రావలసిన నీటి సౌకర్యం" అని రాశాం. ఆరు సంతకాలు కాస్తా ముప్పై నాలుగు అయ్యాయి. రసీదు అడిగి తీసుకున్నాం. తొమ్మిదో రోజున మోటారు వచ్చింది.

మీ హాస్టల్లో ఎవరైనా "సీటిచ్చాం కదా" అంటే నోరు మూసుకోకండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. మర్యాదగానే మాట్లాడండి. రసీదు మాత్రం మర్చిపోకండి.