గొలుసుకు సెలవిద్దామా?

కూరలో ఉప్పూ, మోటారు సైకిలు గొలుసుకు నూనే ఒకటే. ఉండాలి గాని, ఉన్నట్టు తెలియకూడదు. నా బండి గొలుసు నూనె మాత్రం నా పంట్లాము అంచు మీదా, మా ఆవిడ చీరె కుచ్చెళ్ళ మీదా హాజరు పలుకుతూనే ఉంటుంది.

దీనికి కారణం తాండూరు దారి. మా అమ్మ ఆ ఊళ్ళో ఒక్కతే ఉంటుంది. ఎంత బతిమాలినా ఆ ఇల్లు వదలి రాదు. అందుచేత ప్రతి శనివారం వికారాబాదు నుంచి సుమారు 40 కిలోమీటర్లు పోయి రావాలి. అనంతగిరి దాపున ఎర్రమట్టి, ఆ తరువాత కంది చేల నల్లరేగడి, తాండూరు పొలిమేర చేరగానే నాపరాళ్ళు కోసే మిషన్ల బూడిదరంగు పొడి. నేనెంతదాకా పోయి వచ్చానో గొలుసు రంగు చూసి చెప్పవచ్చు. ఈ దుమ్మంతా నూనెకు అంటుకొని సానపట్టే ముద్దలాగ తయారై పళ్ళచక్రాలను అరగదీస్తుంది. నూనె వెయ్యకపోతే తుప్పు. వేస్తే ఈ ముద్ద.

ఇదిలా ఉండగా, మా ఆవిడ బడికి పోవడానికి ఏథర్ విద్యుత్ స్కూటరు కొన్నాము. దానికి గొలుసు లేదు. పళ్ళున్న పట్టా. నూనె చుక్క అక్కరలేదు, చప్పుడు లేదు, మరక లేదు. నాకు అసూయ పుట్టిందనే చెప్పాలి. విచారించగా హార్లీ డేవిడ్సన్ వారు 1980 నుంచీ మోటారు సైకిళ్ళకు పట్టాలు వేస్తున్నారనీ, మన దేశంలో 2014లో అమ్మకానికి వచ్చిన వారి స్ట్రీట్ 750కి కూడా పట్టాయేననీ తెలిసింది. ఇంకేం! ముందూ వెనకా పళ్ళచక్రాలు పీకి, లేతు మీద అల్యూమినియం పుల్లీలు తీయించి, పట్టా తొడిగిస్తే సరి. కాగితం మీద లెక్కలు కట్టుకొని, వికారాబాదులో మాకు తెలిసిన మేస్త్రీ దగ్గరకు వెళ్ళాను.

ఆయన కాగితం చూడలేదు. నా బండి వైపు చూశాడు.

"సారూ, గిర్ని పట్టా చూసినవా? ఏండ్లకేండ్లు నడుస్తది. ఎందుకో ఎరికేనా? గిర్ని ఉన్నకాడ్నే ఉంటది. గిదేమో గుంత గుంతకు ఎగురుతది!"

ఇందులో ఎంత విషయమున్నదో ఇంటికి వచ్చాక గాని బోధపడలేదు. పిండిగిర్నిలో రెండు పుల్లీల మధ్య దూరం ఏనాటికీ మారదు. నా బండి హిమాలయన్ 450. దాని వెనుక చక్రం 200 మిల్లీమీటర్ల మేర పైకీ కిందికీ ఆడుతుంది. చక్రాన్ని మోసే చేయి తిరిగే ఇరుసు ఒకచోట, ముందు పళ్ళచక్రం ఇంకొకచోట. కాబట్టి చక్రం ఎగిరినప్పుడల్లా రెండు పళ్ళచక్రాల మధ్య దూరం కొంచెం మారుతుంది. గొలుసుకు కాస్త వదులుంటుంది గనుక ఆ తేడాను దిగమింగుకుంటుంది. పట్టాకు అంత ఓర్పు లేదు. వదులైతే పళ్ళు జారిపోతాయి. బిగువైతే గేరుపెట్టె బేరింగును లాగుతుంది.

బీఎండబ్ల్యూ వారి అన్నదమ్ముల బండ్లు రెండు చూడండి. 2006లో వచ్చిన ఎఫ్ 800 ఎస్‌టీ మంచి రోడ్ల మీద తిరిగే బండి. దానికి పట్టా వేశారు. 2008లో వచ్చిన ఎఫ్ 800 జీఎస్ కొండా కోనా తిరిగేది. దానికి గొలుసే వేశారు. మా మేస్త్రీ మాటే వారికీ తట్టి ఉంటుందని నా నమ్మకం.

అయినా ఆశ చావలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళి అడిగాను. ఈసారి ఆయన నేల మీద నుంచి నాపరాతి పలుకు ఒకటి ఏరి నా చేతిలో పెట్టాడు. తాండూరులో లారీల నుంచి ఇవి రాలుతూనే ఉంటాయి. గొలుసులో పడితే నలిగో, పక్కకు తన్నుకొనో పోతుంది. పట్టాకూ పుల్లీకీ మధ్య పడితే పట్టాకు చిల్లి. తెగిన గొలుసును చిన్న లంకె వేసి దారిలోనే అతకవచ్చు. పట్టాకు అతుకు లేదు. కొత్తది ఎక్కించాలంటే నా బండికి వెనుక చక్రమూ, దాన్ని మోసే చేయీ ఊడదీయాల్సిందే.

ఈ సంగతి మా ఆవిడతో అంటే, ఆవిడ చీరె మాట ఎత్తనే లేదు. "అర్ధరాత్రి అత్తమ్మ ఫోను చేసిందనుకోండి. పట్టా తెగితే ఆ దారిలో ఎవరిని లేపుతారు?" అన్నది.

దాంతో పుల్లీల కాగితం మడిచి బీరువాలో పెట్టాను. మేస్త్రీ మాత్రం ఊరికే పంపలేదు. గొలుసు మీది మూతకు రేకు కలిపి రెండంగుళాలు వెడల్పు చేశాడు. నూనె మాన్పించి మైనపు జాతి మందు రాయమన్నాడు. దానికి దుమ్ము అంతగా అంటుకోదు. గొలుసు వెచ్చగా ఉండగానే రాసి, రాత్రంతా ఆరనివ్వాలట. ఒక లంకె పనిముట్ల సంచిలో వేసి ఇచ్చాడు.

ఇప్పుడు శనివారం తాండూరు చేరగానే నా మొదటి పని వాకిట్లో గొంతుక్కూర్చొని గొలుసు తుడవడం. అమ్మ గడపలో నిలబడి టార్చిలైటు పడుతుంది.

"ఇంకెంతసేపురా? బువ్వ చల్లారుతున్నది," అంటుంది.