కుక్కకు వచ్చిన చెడ్డపేరు

సాహిత్య విమర్శకు ఉద్దేశించిన పత్రికలో కుక్కలను గురించి వ్యాసమేమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. కాని మనుషులు తాము చేసిన పనికి బాధ్యతను ఎవరి నెత్తిన పెడతారన్నది సాహిత్యానికీ, రాజకీయాలకూ కూడా ముఖ్యమైన ప్రశ్న. ఈ మధ్య ఆ ప్రశ్న మన దేశంలో పిట్ బుల్ అనే కుక్క రూపంలో తలెత్తింది. చదువుకున్నవాళ్ళు దానికి చెప్పిన జవాబులు విన్న తరవాత ఈ నాలుగు మాటలూ రాయాలనిపించింది.

2022 జులైలో లక్నో నగరంలో 82 ఏళ్ళ వృద్ధురాలిని, పంతులమ్మగా పనిచేసి రిటైరైన మనిషిని, ఆమె ఇంట్లో పెంచుకుంటున్న పిట్ బుల్ కరిచి చంపింది. ఆ ఏడే ఘజియాబాద్ నగరపాలక సంస్థ ఈ జాతినీ, మరి రెండు జాతులనూ నిషేధించింది. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలన్నిటికీ ఒక ఉత్తరం రాసింది. పిట్ బుల్‌తో సహా 23 జాతుల కుక్కలకు లైసెన్సులివ్వవద్దనీ, అమ్మకాలు సాగనివ్వవద్దనీ, ఇప్పటికే ఇళ్ళలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించాలనీ అందులో ఉంది. సంబంధించినవారిని సంప్రదించకుండా చేశారన్న కారణంతో కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో ఆ ఉత్తర్వును కొట్టివేసింది.

ఆ రోజుల్లోనే, నేను ముప్ఫై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పి రిటైరైన కాలేజీలో విద్యార్థులు ఈ విషయం మీద చర్చ పెట్టి నన్ను అధ్యక్షుడుగా కూర్చోబెట్టారు. ఒక పక్షంవారు, పాముకు కోరల్లో విషం ఉన్నట్టే ఈ కుక్కకు రక్తంలోనే క్రూరత్వం ఉందన్నారు. రెండో పక్షంవారు, జాతి అన్నది వట్టి భ్రమ, అంతా పెంపకంలోనే ఉందన్నారు. ఒక కుర్రాడు లేచి, “మాస్టారూ, తెల్లవాళ్ళు 1871లో నేరస్థ తెగల చట్టం చేసి ఎరుకలవాళ్ళను పుట్టుదొంగలన్నారు. స్టువార్టుపురంలో పెట్టి హాజరు వేశారు. ఇదీ అలాంటిదే కదండీ?” అన్నాడు. హాలంతా చప్పట్లు. పుట్టుకను బట్టి గుణాన్ని నిర్ణయించటం ఎంత అన్యాయమో తెలిసిన పిల్లలు వాళ్ళు. ఆ సంస్కారానికి నేను సంతోషించాను. ఆ వాదానికి మాత్రం ఒప్పుకోలేకపోయాను.

ఎందుకంటే, ఎరుకల కులస్థులను దొంగతనం కోసం ఎవరూ తరతరాలుగా ఏరి జత కట్టించలేదు. ప్రభుత్వమే వాళ్ళ బతుకుతెరువు తీసేసి, వాళ్ళ మీద ముద్ర వేసింది. 1952లో ఆ చట్టం పోయినా ముద్ర ఇంకా పూర్తిగా పోలేదు. కుక్క సంగతి అది కాదు. కుక్క జాతిని మనిషి బుద్ధిపూర్వకంగా, ఒక పని కోసం తయారుచేశాడు. మనిషికి జరిగిన అన్యాయాన్ని ఖండించటానికి వాడే తర్కాన్ని అలాగే తెచ్చి కుక్కకు తగిలిస్తే, ఆ మనుషులకూ న్యాయం జరగదు, కుక్క సంగతీ తేలదు.

పిట్ బుల్ అన్న పేరులోనే దాని చరిత్ర ఉంది. బుల్ అంటే ఆబోతు. పిట్ అంటే గొయ్యి. ఇంగ్లండులో కొన్ని శతాబ్దాలపాటు ఆబోతును గుంజకు కట్టి, దాని మీదికి కుక్కల్ని ఉసికొల్పి, చూసి ఆనందించారు. అలా చేస్తే మాంసం మెత్తబడుతుందన్న నమ్మకం కూడా ఉండేది. 1835లో పార్లమెంటు ఆ వినోదాన్ని నిషేధించింది. ఆబోతును నలుగురిలో కట్టాలి గనక ఆ పని రహస్యంగా సాగదు. రెండు కుక్కల్ని గోతిలో దించి కొట్లాడించటం ఏ సారాకొట్టు వెనకైనా సాగుతుంది. చట్టం దాన్ని కూడా నిషేధించినా అది చాటుగా పెరిగింది. బుల్‌డాగు బలమూ, టెర్రియర్ చురుకూ కలిసిన కుక్కలు అందుకు పనికివచ్చాయి. స్టాఫర్డ్‌షైర్ ప్రాంతపు బొగ్గుగని కూలీలు, ఇనప పనివాళ్ళు వీటిని పెంచారు. వలసపోయినవాళ్ళతో పాటు ఈ కుక్కలు అమెరికా చేరాయి.

సంక్రాంతి రోజుల్లో గోదావరి జిల్లాల్లో బరి చుట్టూ నిలబడ్డవాళ్ళకు ఈ పద్ధతి కొత్తగా తోచదు. అక్కడ డేగ ఓడితే డేగ ఓడిందని ఊరుకోరు, ఫలానావారు ఓడారంటారు. గాయం కోడికి, గౌరవం యజమానికి. పల్నాటి కథలో కోళ్ళు పోట్లాడితే రాజ్యమే పోయింది.

అమెరికాలో ఈ కుక్క పేరు మారుతూ వచ్చిన తీరు చూడండి. 1898లో యునైటెడ్ కెన్నెల్ క్లబ్ పుట్టి దీన్ని అమెరికన్ పిట్ బుల్ టెర్రియర్ అని రిజిస్టరు చేసింది. 1936లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ అదే కుక్కను స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్ అన్న పేరుతో తనలో చేర్చుకుంది. ఆ పేరులో గొయ్యి మాయమైంది. మొదటి ప్రపంచయుద్ధకాలంలో పోస్టర్ల మీద అమెరికా దేశానికి గుర్తుగా ఈ కుక్క బొమ్మే వేశారు. అవర్ గ్యాంగ్ అనే పిల్లల సినిమాలలో పిల్లలతో తిరిగే పీట్ ఇలాంటి కుక్కే. 1980ల నాటికి కథ తిరగబడింది. పెద్ద నగరాల పేదవాడల్లో కాపలాకూ, పందాలకూ, మగతనపు ప్రదర్శనకూ వీటిని పెంచటం పెరిగింది. 1987లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక కోరలు చాచిన పిట్ బుల్ బొమ్మను ముఖచిత్రంగా వేసి జాగ్రత్తపడమని హెచ్చరించింది. పత్రికలలో ఆ కుక్క పక్కన సాధారణంగా కనిపించిన యజమాని నల్లవాడు, లేదా లాటిన్ అమెరికా నుంచి వచ్చిన పేదవాడు. నల్లవాళ్ళ పట్ల ఉన్న భయం కొంత కుక్క మీదికి, కుక్క పట్ల ఉన్న భయం కొంత వాళ్ళ మీదికి ఎక్కింది. యాభై ఏళ్ళలో కుక్క స్వభావం అంతగా మారి ఉండదు. దాన్ని పట్టుకున్న చేతులు మారాయి.

అంటే రక్తంలో ఏమీ లేదనా? అలా అనటానికి వీల్లేదు. అమెరికాలో 1979 నుంచి 1998 దాకా కుక్కల వల్ల జరిగిన 238 మరణాలను పరిశీలించినవాళ్ళు, వాటిలో సగానికి పైగా పిట్ బుల్ తరహా కుక్కలకూ, రాట్‌వైలర్లకూ సంబంధించినవని 2000లో తేల్చారు. దీన్ని దాచి కుక్కల మీద ప్రేమ చూపించటం నిజాయితీ కాదు. దాని దవడకు తాళం పడుతుందన్నది కట్టుకథే. కాని కరిస్తే వదలని పట్టుదల, నొప్పికి వెనకాడని తత్వం పందెగాళ్ళు కోరి పెంచిన గుణాలు. ఊరకుక్క కరిచి పారిపోయే చోట ఇది కరిచి నిలబడవచ్చు.

అయితే రక్తం ఎంతవరకు? 18,000 పైచిలుకు కుక్కల మీద జరిగిన పరిశోధన ఒకటి 2022లో సైన్స్ పత్రికలో వచ్చింది. కుక్కకూ కుక్కకూ మధ్య ప్రవర్తనలో కనిపించే తేడాలలో జాతి వల్ల వచ్చేది 9 శాతం మాత్రమేనని అందులో తేలింది. 2000 నుంచి 2009 దాకా అమెరికాలో జరిగిన 256 మరణాలను మరికొందరు శాస్త్రజ్ఞులు వివరంగా పరీక్షించారు. 87 శాతం సందర్భాలలో అడ్డుపడగల మనిషి దగ్గర లేడు. 84 శాతంలో కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించలేదు. 76 శాతంలో ఆ కుక్క ఇంట్లో మనుషుల మధ్య పెరిగినది కాదు. గొలుసుకో బోనుకో పరిమితమై పెరిగినది. ఇటువంటి కారణాలు నాలుగో అంతకు మించో ఒకేచోట కూడిన సందర్భాలు 80 శాతం. వీటిలో చాలావాటిని యజమాని తలుచుకుంటే తప్పించవచ్చు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2007లో మైకేల్ విక్ అనే ప్రసిద్ధ ఫుట్‌బాల్ ఆటగాడు వర్జీనియాలో కుక్కపందాలు నడిపి పట్టుబడ్డాడు. 23 నెలల శిక్ష పడింది. అక్కడ దొరికిన పిట్ బుల్స్ దాదాపు 50. అంతకు ముందు ఇటువంటి కుక్కల్ని ఆలోచన లేకుండా చంపేసేవారు. ఈసారి నిపుణులు ఒక్కొక్కదాన్నే పరీక్షించారు. క్రూరత్వం కారణంగా చంపక తప్పదని తేలినది ఒక్కటే. 22 కుక్కలు యూటా రాష్ట్రంలో ఒక ఆశ్రయానికి వెళ్ళాయి. మిగిలినవాటిలో చాలా వాటికి ఇళ్ళు దొరికాయి. కొన్ని పిల్లలున్న ఇళ్ళలో పెరిగాయి. అలాగని ఎవరూ వాటిని విచ్చలవిడిగా వదిలెయ్యలేదు. నెలల తరబడి శిక్షణ, కాపలా, ఖర్చు అయినాయి.

మా కాలనీలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. నాలుగిళ్ళ అవతల ఒక కాంట్రాక్టరు మూడంతస్తుల మేడ కట్టాడు. కొత్త కారుతో పాటు ఒక పిట్ బుల్ పిల్లను తెచ్చాడు. దానికి అప్పటికి నెల రోజులు నిండాయో లేదో. చెవులు మాత్రం కత్తిరించేశారు. దాన్ని కారుషెడ్డులో గొలుసుకు కట్టారు. తిండి పెట్టటం, నీళ్ళు పొయ్యటం, రాత్రి పదింటికి వీధిలో తిప్పటం అన్నీ వాచ్‌మన్ కొడుకు పని. శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చిన కుటుంబం, కుర్రాడికి పందొమ్మిదేళ్ళుంటాయి. యజమాని ఆదివారం పూట స్నేహితులు వచ్చినప్పుడు దాని దగ్గరికి వెళ్ళి, కర్రతో పొడిచి అరిపించేవాడు. అది అరుస్తుంటే స్నేహితులు మెచ్చుకునేవాళ్ళు.

ఏడాది తిరిగాక అది ఆ కుర్రాడి ముంజేతిని పట్టుకుంది. పదిహేను కుట్లు పడ్డాయి. కాంట్రాక్టరు చేతిలో రెండు వేలు పెట్టి సర్కారు ఆసుపత్రికి పంపాడు. పనిలోకి రాని రోజులకు జీతం కోశాడు. వారం తిరక్కుండా కుక్కను ఎవరో మామిడితోట ఆసామికి అమ్మేశాడు; కొన్నదానికి నష్టం రాలేదని చెప్పుకున్నాడు కూడా. “ఇదేం పనండీ?” అని నేను అడిగితే, “దాని జాతే అంత మాస్టారూ. నేనేం చెయ్యను?” అన్నాడు. చేతికి కట్టుతో గేటు దగ్గర కూచున్న ఆ కుర్రాణ్ణి పలకరిస్తే వాడన్నది ఇది: “దానికేటి తెలుస్తాది బాబూ? దినమంతా గొలుసుకి కట్టీసి ఉంచితే మనిసికయినా పిచ్చెక్కదా?”

జాతి అన్న మాట యజమానికి ఎంత అనుకూలమైనదో నాకప్పుడు స్పష్టమైంది. కొనేటప్పుడు ఆ మాట చూపించే ధర పెంచారు. కరిచినప్పుడు ఆ మాట చాటునే దాక్కున్నారు. జాతిని నిషేధించే ఉత్తర్వు ఈ కాంట్రాక్టరు చెప్పిన సాకునే ప్రభుత్వ ముద్ర వేసి చెబుతున్నది.

ఆ నిషేధాలైనా పనిచేశాయా? ఇంగ్లండులో 1991లో ప్రమాదకర కుక్కల చట్టం తెచ్చి పిట్ బుల్‌తో సహా నాలుగు రకాలను నిషేధించారు. ఆ తరవాత కుక్కకాటుతో ఆసుపత్రిలో చేరేవాళ్ళు తగ్గకపోగా పెరిగారు. బ్రీడర్లు ఎక్స్‌ఎల్ బుల్లీ అనే ఇంకా పెద్ద కుక్కను తయారుచేశారు. 2024 ఫిబ్రవరి 1 నుంచి ప్రత్యేక అనుమతి లేకుండా దాన్ని ఉంచుకోవటం కూడా నేరమైంది. ఒక సరుకు మూసేస్తే బజారు మరో సరుకు తెస్తుంది. పైగా ఏది పిట్ బుల్ అని చెప్పటం కూడా తేలిక కాదు. ఫ్లోరిడాలో ఆశ్రయాల సిబ్బంది 120 కుక్కల్లో 62 పిట్ బుల్ తరహావని గుర్తించారు. డీఎన్ఏ పరీక్షలో అటువంటివి 25 మాత్రమే తేలాయి.

కాబట్టి చట్టం పట్టుకోవలసింది కుక్క ముఖాన్ని కాదు, దాన్ని పుట్టించి అమ్మేవాణ్ణీ, కొని పెంచేవాణ్ణీ. మన దేశంలో ఇందుకు నియమాలు లేకపోలేదు. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకాల నియమాల ప్రకారం ప్రతి బ్రీడరూ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టరు కావాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మరాదు. తల్లికి 18 నెలలు నిండకుండా జత కట్టించరాదు. జీవితంలో 5 కాన్పులకు మించరాదు. మా కాంట్రాక్టరు నెల పిల్లను కొనగలిగాడంటే ఈ నియమాలు ఎక్కడున్నాయో ఊహించుకోవచ్చు. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను కింద, పెంపుడు జంతువు వల్ల మనిషికి అపాయం రాకుండా జాగ్రత్తపడని యజమానికి 6 నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. జంతువుల్ని కొట్లాటకు ఉసికొల్పినవాడికి 1960 నాటి చట్టం మొదటి తప్పుకు వేసే జరిమానా 10 నుంచి 50 రూపాయలు! పందెంలో ఒక చేతికి మారే డబ్బులో అది ఎన్నో వంతో చెప్పనక్కర్లేదు.

మంచి బ్రీడరు మనిషి మీదికి వచ్చే కుక్కనూ, ఊరికే బెదిరే కుక్కనూ జత కట్టించడు. పిల్లను తల్లి దగ్గర ఎనిమిది వారాలూ ఉంచుతాడు. ఆ వయసులోనే నలుగురు మనుషులకూ, చప్పుళ్ళకూ అలవాటు చేస్తాడు. కొనేవాడి ఇల్లూ, తీరికా చూడకుండా అమ్మడు. మంచి యజమాని తానే తిప్పుతాడు, తానే తిండి పెడతాడు, గొలుసుకు కట్టి మరిచిపోడు, పసిపిల్లల దగ్గర ఒంటరిగా వదలడు. వీధిలోకి తెచ్చినప్పుడు పట్టీ చేతిలోనే ఉంటుంది. కుక్కకు వేళ ఇవ్వలేనివాడు కుక్కను కొనకూడదు. తన కుక్కను జీతగాడి చేత పెంచేవాడు, ఆ జీతగాడి చేతికయ్యే గాయానికి పూర్తి ఖర్చూ, పోయిన జీతమూ, పరిహారమూ ఇవ్వాలని చట్టం శాసించాలి. కుక్కను గురించిన చర్చల్లో ఈ జీతగాడి ప్రస్తావన నాకెక్కడా వినపడలేదు. విద్యార్థుల సభలో కూడా వినపడలేదు.

జంతుశాస్త్రం చెప్పినవాడిగా నా అభిప్రాయం ఇది. కుక్క రక్తంలో ఉన్నది మనిషి చేసిన పని. ఇంగ్లండు సారాకొట్ల వెనక కొంత జరిగింది, అమెరికా క్లబ్బులలో కొంత జరిగింది, మన నగరాల్లో చెవులు కత్తిరించి అమ్మే కొట్లలో ఇప్పుడు జరుగుతున్నది. చేసినది మనిషి గనక మార్చగలిగేదీ మనిషే. కుక్కల పందాల వల్లా, అమ్మకాల వల్లా లాభం పొందుతున్నవాళ్ళ దగ్గర లెక్క అడగటం మొదలుపెడితే, ఈ కుక్కను ఏ పేరుతో పిలవాలన్న గొడవ దానంతటదే చిన్నదవుతుంది.