రాజీ సొమ్ము, ట్రిబ్యునల్ లెక్క

రోడ్డు ప్రమాదంలో గాయపడినవాడు ఇంకా ఆస్పత్రి మంచం మీద ఉండగానే, బంధువుల్లో ఒక పెద్దమనిషి వాహన యజమానితో మాట్లాడి, బిల్లు కట్టించి, పైన కొంత చేతికి ఇప్పించి కేసు లేకుండా చేయడం తెలుగు జిల్లాల్లో కొత్త సంగతి కాదు. ఈ సలహాలో దురుద్దేశం లేకపోవచ్చు గాని, అది అయిన ఖర్చునే నష్టమనుకుంటుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం కింద ఇటువంటి దావాలు విచారించే న్యాయస్థానమైన ప్రమాద పరిహార ట్రిబ్యునల్ మాత్రం ఇకపై రాకుండా పోయే సంపాదననూ నష్టంలో చేరుస్తుంది.

34 ఏళ్ల వడ్రంగి నెలకు 15,000 రూపాయలు సంపాదిస్తున్నాడనుకుంటే ఏడాదికి 1,80,000 అవుతుంది. స్వయం ఉపాధిలోని 40 ఏళ్లలోపు వారికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలపాలని సుప్రీంకోర్టు ప్రణయ్ సేథీ కేసులో 2017లో చెప్పగా, మరణానికి సంబంధించిన ఆ సూత్రాన్ని తర్వాతి తీర్పులు శాశ్వత వైకల్యానికీ వర్తింపజేసినందున, ఆదాయం 2,52,000కు చేరుతుంది. దీన్ని గుణకంతో, అనగా వయసును బట్టి ఎన్నేళ్ల ఆదాయం కట్టివ్వాలో తెలిపే అంకెతో, హెచ్చవేయాలి. 2009 నాటి సరళా వర్మ తీర్పులో 31–35 ఏళ్ల వారికి అది 16 కనుక 40,32,000 వస్తుంది. సంపాదన శక్తిలో 30 శాతం పోయిందని తేలితే రావలసినది 12,09,600 రూపాయలు. చికిత్స ఖర్చు, బాధకు పరిహారం, వడ్డీ దీనికి అదనం.

ఆ 30 శాతం మెడికల్ బోర్డు ధ్రువపత్రంలోని అంకె కానక్కరలేదు. చేయి పోయిన గుమాస్తా ఉద్యోగం నిలవవచ్చు, వడ్రంగి బతుకుతెరువు పూర్తిగా పోవచ్చు అన్న తేడాను రాజ్ కుమార్ కేసులో (2010) సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అందువల్ల ఆదాయానికి, చేసే పనికి చూపే ఆధారమే పరిహారాన్ని నిర్ణయిస్తుంది, ఎఫ్.ఐ.ఆర్. లేకుండా ముగిసిన రాజీలో ఆ ఆధారాలేవీ పోగుపడవు.

పైగా థర్డ్ పార్టీ బీమా, అంటే వాహనం వల్ల ఇతరులకు కలిగే నష్టాన్ని భరించే తప్పనిసరి పాలసీ, అమల్లో ఉంటే సాధారణంగా చెల్లించవలసినది కంపెనీయే. రాజీలో యజమాని తన జేబులోది ఇస్తాడు, బాధితుడు తక్కువ పుచ్చుకుంటాడు, ప్రీమియం తీసుకున్న కంపెనీ మాత్రం సుఖంగా ఉంటుంది.

తొందరగా తేలాలనుకునేవారికి లోక్ అదాలత్ ఉన్నది గాని అక్కడి అవార్డుపై అప్పీలు లేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన సవరణ ప్రకారం పరిహార దరఖాస్తుకు చట్టంలోని గడువు ప్రమాదం జరిగిన నాటినుంచి 6 నెలలు.