మంచుమందిరమున అతిథులు

1806లో సికందర్ జా పేర వెలసిన సికింద్రాబాదును జనులు లష్కరని పిలుతురు. అచ్చటినుండి ట్యాంకుబండు దాటి దిగువకు వచ్చినచో, 2004లో తెరచిన స్నోవరల్డు కలదు. వెలుపల రోహిణి యెండ మండుచున్నను లోపలి చలి సున్నకు 5 డిగ్రీలు తక్కువ. వచ్చినవారికి చలికోటులు, చేతితొడుగులు, బూట్లు అందించుట నా పని.

సోదరీమణులారా! ఆ పనిలో నవ్వునకు కొదువ లేదు. పెద్దమనిషి యొకరు మంచును ఉప్పనుకొని నాలుకకు రాచి, చప్పగా నున్నదని నామీద కోపించిరి. క్రొత్తకోడలొకతె కోటు క్రింద పట్టుచీర దాగెను, ఫోటోలో నెట్లు కనబడునని చిన్నబోయెను.

తిరుమలగిరి నుండి వచ్చిన యొక ముసలమ్మ మాత్రము తొడుగులు వలదనెను. "అవ్వా, చేతులు కొంకర్లు పోవును" అంటిని. వినక, గుప్పెడు మంచు పట్టి కదలక నిలిచెను. నీరు మోచేతివఱకు కారుచుండెను.

"మా మనుమడు సియాచిన్‌ల కావలున్నడు బిడ్డా. సలి ఎట్లుంటదో సూద్దామని వచ్చిన," అని, కొంతసేపటికి నవ్వి, "ఇంతేనా! ఓర్సుకుంటడు తియ్" అనెను.

1984 నుండి మన సైనికులు కాచుచున్న ఆ హిమానీనదమున చలి సున్నకు 50 డిగ్రీలు దిగువకును పోవునని నే నెఱుగుదును. చెప్పుటకు నోరు రాలేదు. తొడుగులు తెచ్చి యామె చేతులకు నేనే తొడిగితిని.