ఎర్రనీళ్ళలో బైనరీ సెర్చ్

మా ఇంటి వెనక ఒక నాలా ఉంది. హైదరాబాద్ శివార్లలో చాలామంది ఇళ్ళ వెనక ఒక నాలా ఉంటుంది లెండి, అందులో గొప్పేం లేదు. చిన్నప్పటి నుంచీ నేను దాన్ని డ్రైనేజీ అనే అనుకున్నాను. మా నానమ్మ మాత్రం "వాగు" అంటుంది. ఇంగ్లీష్ మీడియం పుణ్యమా అని వాగు అంటే స్ట్రీమ్ అని తెలుసు. స్ట్రీమ్ అంటే మాత్రం మొదట గుర్తొచ్చేది జావాలో ఇన్‌పుట్ స్ట్రీమే.

పోయిన వానాకాలం ఎన్.ఎస్.ఎస్.లో ఆ వాగు మీద ఒక రిపోర్ట్ చేయాల్సి వచ్చింది. వాగు చివర ఉన్న కుంట పూడుకుపోతోంది, కారణం కనుక్కోవాలి. నేను అటెండెన్స్ కోసం పేరిచ్చాను. దాచడమెందుకు.

కాలుష్యం అంటే నాకు నురగ, కంపు, ఫ్యాక్టరీ పైపు. మట్టి కూడా కాలుష్యమే అని సివిల్ బ్రాంచ్ అక్క చెప్తే నవ్వాను. మట్టి మట్టే కదా! అక్క ఓపిగ్గా చెప్పింది. బురదనీళ్ళలోకి వెలుతురు దిగదు, అడుగున మొక్క బతకదు. సన్న మట్టి రాళ్ళ సందుల్లో నిండిపోతే చేప గుడ్డు పెట్టడానికి చోటుండదు. ఆ మట్టి రేణువులకి ఫాస్ఫరస్ అంటుకుని వస్తుంది, దాంతో కుంటలో నాచు పెరుగుతుంది. పైగా కుంట లోతు తగ్గితే వానొచ్చినప్పుడు నీళ్ళు మన వీధిలోకి వస్తాయి.

సీసాలో వాగునీళ్ళు పట్టి కిటికీలో పెట్టాను. ఇసుక చూస్తుండగానే దిగిపోయింది. ఒండ్రు దిగడానికి కొన్ని గంటలు పట్టింది. బంకమట్టి మాత్రం మర్నాడు పొద్దున కూడా అలాగే వేలాడుతూ ఎర్రగా ఉంది. రేణువు వ్యాసం పదోవంతైతే అది దిగే వేగం వందోవంతు అవుతుందట, స్టోక్స్ సూత్రం. అంటే ఒకసారి వాగులో పడ్డాక దాన్ని పట్టుకోవడం దాదాపు అయ్యే పని కాదు. పుట్టినచోటే ఆపాలి.

నానమ్మకి చెప్తే "వాగుకు మట్టి కొత్తనా?" అంది. వాళ్ళ ఊళ్ళో ఎండాకాలం చెరువు మట్టి బండ్లమీద పొలాలకి తోలుకునేవాళ్ళట. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు కూడా రైతులు పూడిక మట్టిని అలాగే తీసుకెళ్ళారు. కానీ మా కుంట మట్టిలో సిమెంటు, ప్లాస్టిక్ కలిసి ఉన్నాయి. అది ఏ పొలానికి పనికొస్తుంది? ఇంకోటి, ఒకప్పుడు నేలలో ఇంకిన వాన ఇప్పుడు డాబాల మీంచి, సీసీ రోడ్ల మీంచి ఒక్కసారిగా వాగులోకి దూకుతుంది. ఆ ఉరవడికి గట్లే కోసుకుపోతాయి.

మట్టి ఎక్కడ కలుస్తుందో కనుక్కోవడానికి నాకు వచ్చిన విద్యే వాడాను. పైన గుట్ట దగ్గర నీళ్ళు తేటగా ఉన్నాయి. మా ఇంటి వెనక కల్వర్టు దగ్గర ఎర్రగా ఉన్నాయి. కాబట్టి సగం దూరంలో ఒక సీసా, అందులో సగంలో ఇంకోటి. సీసా వెనక నా హాల్ టికెట్ పెట్టి నంబర్ కనిపిస్తే తేట, లేకపోతే ఎరుపు. నాలుగో సీసాకే దొరికింది. సెల్లార్ తవ్విన మొరం గట్టు అంచున గుట్టగా పోసి ఉంది. గోతిలోని నీళ్ళు మోటారు పెట్టి తోడి తిన్నగా వాగులోకి వదులుతున్నారు. మోటారు పక్కన ఒక స్ప్లెండర్ బండి. అది మా నాన్నది.

మా నాన్న చిన్న కాంట్రాక్టర్. రిపోర్ట్‌లో "కల్వర్టుకి ఎగువన" అని మాత్రం రాసి సబ్మిట్ చేసేశాను.

నాలుగు రోజులు ఆగి అన్నం తినేటప్పుడు చెప్పాను. నాన్న కోప్పడలేదు. "బయటికి తోలాలంటె ట్రాక్టరోడు ట్రిప్పు లెక్కన అడుగుతడు. ఓనర్ ఇయ్యడు. ఎవని జేబుల్నించి పెట్టాలె? నీ సెమిస్టర్ ఫీజు గా మట్టిలకెంచే వస్తది" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నానమ్మ పెరుగన్నం కలుపుకుంటూ కూర్చుంది, ఏమీ అనలేదు.

ఆదివారం ఇద్దరం సైట్‌కి వెళ్ళాం. ఖర్చులేనివే చేశాం. జేసీబీ ఎలాగూ ఉంది కాబట్టి మొరం గుట్టని గట్టు నుంచి వెనక్కి జరిపించాడు. దాని మీద పాత ఎలక్షన్ ఫ్లెక్సీలు కప్పాం (నాయకుడు నవ్వుతూ మట్టి కాపలా కాస్తున్నాడు). దిగువన కంకర నింపిన సిమెంటు సంచులు వరసగా పేర్చాం. మోటారు నీళ్ళు ముందు ఒక గుంతలో నిలిచి, తర్వాత వాగులోకి వెళ్ళేలా చేశాం. గట్టు మీది గడ్డి గీకొద్దని డ్రైవర్‌కి నాన్నే చెప్పాడు. తర్వాత ఎన్.ఎస్.ఎస్. వాళ్ళం వట్టివేరు నాటాం. దాని వేర్లు రెండు మూడు మీటర్లు దిగి గట్టుని పట్టుకుంటాయి. సగం బర్రెలు తినేశాయి.

తర్వాతి వానకి పరిగెత్తుకెళ్ళి కల్వర్టు దగ్గర సీసా పట్టాను. ఎరుపే. హాల్ టికెట్ నంబర్ కనిపించలేదు. అప్పుడు వెలిగింది: బైనరీ సెర్చ్ ఒక్క చోటునే వెతుకుతుంది. నాన్న సైట్‌కి దిగువన ఇంకో మూడు సైట్లున్నాయి, కోసుకుపోతున్న గట్లున్నాయి. వాటి దగ్గర నేను సీసా ముంచనే లేదు. ఫస్టియర్ పిల్లాడు చేసే తప్పు.

రిపోర్ట్ సరిచేసి మళ్ళీ పంపాను. ఈసారి సైట్ ఎక్కడుందో రాశాను. ఎవరిదో రాయలేదు. అది నిజాయితీయో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మొన్న క్లాసులో ఉండగా బయట వాన. నాన్న నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది, వేలు అడ్డం పడి సగం నల్లగా ఉంది. సంచుల వెనక మోకాలెత్తు ఎర్రమట్టి. కింద ఒక వాయిస్ మెసేజ్: "ఆగింది రా. ఇగ దీన్ని ఎత్తి ఏడ పొయ్యాలె?"