మాట్లాడని వీరుడు, మాటలు తెచ్చిన ఆట



పోయిన నెల మన మీటింగులో ఒక మాట వచ్చింది. ఆదివారం తెలుగు తరగతికి పిల్లలు తగ్గిపోతున్నారు, హాల్లో వీడియో గేమ్ పెట్టె ఒకటి పెడితే వస్తారేమో అని ఒకరన్నారు. "తెలుగు నేర్పమంటే ఆటలాడిస్తారా?" అని ఇంకొకరు లేచినారు. మాట తెగలేదు. అట్లాంటి పెట్టె మా ఇంటికి మనవడితోపాటు సెలవులకు వస్తుంది. దాంట్లో ఒక ఆటను రెండు వేసవులు వాడి పక్కన కూర్చొని చూసినాము. అది మన హాలుకు పనికొస్తుందా లేదా అని మాకు తోచినది రాస్తున్నాము. కొంచెం పొడుగు పోతుంది, ఓర్చుకొని చదవండి.

ముందు మా అర్హత చెప్పాల. మేము చదివింది తమిళ మీడియం, పని చేసింది రైల్వే బుకింగ్ ఆఫీసులో. తెలుగు అక్షరాలు రిటైరైన తరువాత ఈ ఆదివారం తరగతిలోనే నేర్చుకున్నాము. ఆట చెయ్యికి తీసుకుంటే మా బొటనవేళ్ళు మాట వినవు. కాబట్టి మేము ఆడేవాళ్ళం కాదు, మంచం మీద కూర్చొని చూసేవాళ్ళం. సంఘం హాల్లో కూడా ఒకరు ఆడితే పదిమంది చూడాల గదా, ఆ పదిమంది తరఫున మా మాట వినండి.

ఆట పేరు "ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్". జపానులో క్యోటో ఊరి నింటెండో వాళ్ళది. ఆ కంపెనీ 1889లో పూల బొమ్మల పేకముక్కలు చేసే అంగడిగా మొదలైంది. జెల్డా వరుసలో మొదటి ఆట 1986లో వచ్చింది. దాన్ని చేసిన వాళ్ళలో షిగేరు మియామోతో ముఖ్యుడు. చిన్నప్పుడు క్యోటో పక్కన సోనోబేలో కొండలు, గుహలు తిరిగిన జ్ఞాపకమే ఆ ఆటకు మూలమని ఆయనే చెప్పినాడు. మేము చూసిన ఆట 2017 మార్చి 3న వచ్చింది. దాని డైరెక్టర్ హిదెమారో ఫుజిబయాషి, ప్రొడ్యూసర్ ఎయిజి అవోనుమా. 2023లో దీనికి తరువాతి భాగం కూడా వచ్చింది. దాంట్లో బండ్లు, పడవలు కట్టే పని ఎక్కువ. కొత్తవాళ్ళు 2017 ఆటతో మొదలుపెడితేనే సులువు.

పేర్ల దగ్గర మేము కొంచెం తడుముకున్నాము. జెల్డా అంటే వీరుడు కాదు, రాకుమారి. వీరుడి పేరు లింక్. రైల్వేలో పనిచేసినవాళ్ళకు లింక్ కొత్త మాట కాదు, లింక్ ఎక్స్‌ప్రెస్ ఉంది, డ్రైవర్ల డ్యూటీ పట్టీని కూడా లింక్ అనే అంటారు. దుష్టుడి పేరు గానన్. బళ్ళో నేర్చుకున్న తమిళ అక్షరాలతో రాస్తే గానన్, కానన్ రెండూ ఒకటే అవుతాయి. "గ" అని తెలుగులో రాసి మనవడికి చూపించినాము. వాడు చూసి, అట్లనే రాసి, మళ్ళీ ఆటలో పడినాడు.

కథ చిన్నది. హైరూల్ అనే రాజ్యం గానన్ చేతిలో పాడైపోయింది. దెబ్బలు తిన్న లింక్ నూరేళ్ళు నిద్రపోయి లేస్తాడు. తానెవరో, తన ఊరేదో మరిచిపోయినాడు. రాకుమారి ఒక్కతే కోటలో గానన్‌ను ఆపి పట్టుకొని ఉంది. ఆమె దగ్గరికి పోవాల. అంతే.

పాత జెల్డా ఆటలు రైలు బండి లాంటివని మనవడు చెప్పినాడు. ఒక చెరసాలలాంటి గుహలోకి పోవాల, కొత్త వస్తువు దొరకాల, దాంతో లోపలి రాక్షసుణ్ణి కొట్టాల, అప్పుడు తరువాతి స్టేషన్‌కు దారి. ఈ ఆటలో పట్టాలు పీకేసినారు. మొదటి మిట్ట మీద నాలుగు గుళ్ళు చూసి, గాలిలో తేలే గుడ్డ ఒకటి సంపాదించుకొని దిగినామంటే ఇక ఎటైనా పోవచ్చు. కావాలంటే నేరుగా గానన్ దగ్గరికే పోయి చావచ్చు. బయట దాదాపు ఏ గోడనైనా, ఏ కొండనైనా ఎక్కొచ్చు. టైంటేబుల్‌తో బతికిన మాకు మొదట ఇది నచ్చలేదు. తరువాత అర్థమైంది, దారి ఆట చెప్పదు గనుక ఇంట్లో అందరూ చెప్పడం మొదలుపెట్టినారు. "ఆ పొగ చూడు", "ఆ కొండకు పో", "వద్దురా, చీకటి పడుతుంది". ఆ నేల ఎంత పెద్దదిగా ఉండాలని తేల్చడానికి ఫుజిబయాషి వాళ్ళు తమకు తెలిసిన క్యోటో ఊరి పటాన్నే కొలతగా పెట్టుకున్నారంట. నడిచి తెలిసిన ఊరితో కొలిచినారు, అందుకే గామోసు ఆ దూరాలు కాళ్ళకు తెలిసినట్టే ఉంటాయి.

రెండో మంచి గుణం, ఆ లోకంలో వస్తువులు మన లోకంలో లాగే నడుచుకుంటాయి. వాన పడితే బండ జారుతుంది, ఎక్కేవాడు కింద పడతాడు. ఉరుములు వచ్చినప్పుడు ఇనుప కత్తి వీపున ఉంటే పిడుగు వాడి మీదే పడుతుంది. ఎండుగడ్డికి నిప్పు పెడితే వేడిగాలి పైకి లేస్తుంది, ఆ గాలిలో గుడ్డ విప్పితే మనిషి లేస్తాడు. మొదటి మిట్ట మీద ఒక ముసలాయన ఉన్నాడు. మాంసం, చేప, మిరపకాయ కలిపి వండి పెడితే చలికోటు ఇస్తాడు. కోటు లేకపోయినా మిరపకాయల వంట తింటే కొంచెంసేపు మంచు కొండలో నడవొచ్చు. ఇది మనవడు కనిపెట్టక ముందే మా ఇంటామె మంచం మీద నుంచి చెప్పింది, "మిరపకాయ తింటే ఒళ్ళు వేడెక్కదేమిరా, తినిపించు వాడికి" అని. చలికి మిరియాల రసం తాగి పెరిగిన వాళ్ళకు ఆ చిక్కు చిక్కే కాదు.

నేలంతా 120 చిన్న గుళ్ళు ఉన్నాయి. ఎక్కువవాటిలో ఒక చిక్కు గాని పోరాటం గాని. ముగిస్తే ఒక గోళం దొరుకుతుంది. నాలుగు గోళాలకు ఒక గుండె గాని, కొంచెం ఓపిక గాని ఇస్తారు. మొదట గుండెలు మూడే. పేరున్న పాత కత్తిని పెరకాలంటే 13 కావాల. నాలుగు పెద్ద యంత్రాలను విడిపిస్తే తలా ఒక గుండె వస్తుంది, మొత్తం ఏడు. మిగిలిన ఆరుకు 24 గోళాలు, అంటే 24 గుళ్ళు. ఈ లెక్క మనవడు కాగితం మీద వేసినాడు, మేము సరిచూసినాము. చిక్కులకు జవాబు ఒక్కటే ఉండదు. కరెంటు పారించాల్సిన చోట ఆట ఇచ్చిన ఇనుప దిమ్మె బదులు మన దగ్గరి కత్తులను వరసగా నేల మీద పెట్టినా కరెంటు పారుతుంది. తప్పు అని ఆట అనదు.

కత్తులు విరిగిపోతాయి, దీని మీద ఆడేవాళ్ళకు చాలా కోపమంట. మా మనవడు మంచి కత్తులన్నీ దాచిపెట్టి విరిగిన కట్టెలతో కొట్లాడేవాడు. ఇంటామె బీరువాలో మడత విప్పని చీరలు గుర్తొచ్చి మేము నవ్వుకున్నాము. వాడకుండా దాచినది ఉన్నా లేనట్టే అని స్టోర్సు లెక్కలు చూసినవాళ్ళకు తెలుసు. మాకు ఈ నియమం నచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఆటలో లింక్ నోరు తెరిచి మాట్లాడడు. ఎక్కువసేపు పాట కూడా ఉండదు. గాలి, అడుగుల చప్పుడు, పురుగుల రొద, అప్పుడప్పుడు రెండు పియానో స్వరాలు. ఆ మౌనంలో మనం మాట్లాడడానికి చోటు ఉంది. తెర మీద రాతలు ఇంగ్లీషు. అవి అంత వేగంగా చదవడం మా వల్ల కాదు. కాబట్టి మనవడు చదివి మాకు తెలుగులో చెప్పాల్సి వచ్చింది. మొదటి వేసవిలో వాడి మాట "తాతా, దిస్ మేన్ కి ఫుడ్ కావాలంట" అన్నట్టు ఉండేది. రెండో వేసవికి "పైకి ఎక్కితే జారతాడు తాతా, వాన నిలవనీ" అనేవరకు వచ్చింది.

మాటలు ఎక్కడి నుంచి వచ్చినాయో చూడండి. అపార్ట్‌మెంట్‌లో పెరిగే పిల్లవాడికి గుట్ట, లోయ, వంక, పొద, బండ, ఈదురుగాలి అనే మాటలతో రోజూ ఏం పని? పుస్తకంలో రాసి పెడితే పరీక్షకు చదివి మరిచిపోతాడు. ఇక్కడ లోయలో పడి చచ్చినాడు గనుక లోయ గుర్తుంది. రైల్వే క్వార్టర్సులో పెరగడం వల్ల మాలో ఒకరికే ఆ మాటల్లో సగం తెలియవు. ఇంటామెది కృష్ణగిరి పక్క పల్లె. మేకల వెంట తిరిగిన మనిషి. ఒక రోజు తెర మీద కొండ కింద చిన్న నీటి గుంట కనపడితే "అది చెలిమరా" అనింది. ఆ మాట మా ఇంట్లో నలభై ఏండ్లలో ఎవరూ వినలేదు. ఆమెకు కూడా దాన్ని పలకాల్సిన అవసరం రాలేదు.

కథలో కూడా ఇట్లాంటిదే ఒకటుంది. మరిచిపోయిన లింక్ దగ్గర రాకుమారి తీసిన 12 ఫోటోలు ఉంటాయి. ఎక్కడ తీసినవో రాసి ఉండదు. ఆ చోటు వెతుక్కుంటూ పోయి సరిగ్గా అక్కడ నిలబడితేనే ఆ నాటి జ్ఞాపకం తిరిగి వస్తుంది. బండ్ల సత్రాల దగ్గర తిరిగే చిత్రకారుడొకడు ఫోటో చూసి "ఇది ఫలానా చోట ఉండాది" అని దారి చెప్తాడు. ఆ ముసలివాడిని చూసి మేమిద్దరం ఒకరి మొగం ఒకరు చూసుకున్నాము. మన పిల్లల దగ్గర కూడా ఇంటి పేరు, కులదేవత పేరు, నాలుగు వంటల పేర్లు ఫోటోల మాదిరి మిగిలి ఉన్నాయి. చోటు చెప్పగలిగిన మనుషులు మన సంఘంలో ఇంకా ఉన్నారు. ఎన్నేండ్లు ఉంటారో లెక్క వేసుకోవడానికి క్లర్కు అక్కరలేదు.

లోపాలు కూడా చెప్పాల. ఏనుగు, బల్లి, పక్షి, ఒంటె రూపంలో ఉన్న ఆ నాలుగు యంత్రాలు బయటికి గొప్పగా ఉన్నా లోపల అన్నీ ఒకే మాదిరి. వాటిలో ఉండే రాక్షసులూ అన్నదమ్ముల మాదిరే ఉంటారు. చంద్రుడు ఎర్రబడిన రాత్రి చంపిన శత్రువులందరూ మళ్ళీ లేస్తారు, చేసిన పని వృథా అనిపిస్తుంది. 900 గింజలు దాచిపెట్టినారు, మొదటివి సంచి పెద్దది చేసుకోవడానికి పనికొస్తాయి, అన్నీ ఏరితే చివర ఇచ్చే బహుమతి బంగారు రంగు పేడకుప్ప లాంటిది. పిల్లల కాలాన్ని అట్లా వెక్కిరించడం మాకు నచ్చలేదు. భారతీయ భాష ఒక్కటి కూడా అందులో లేదు. పైగా ఇది ఒక్కరే ఆడే ఆట. అన్నిటికన్నా ముఖ్యం, ఇది అక్షరాలు నేర్పదు. మా మనవడు ఇప్పుడు తెలుగు మాట్లాడతాడు, చదవలేడు.

కొట్లాట గురించి భయపడేవాళ్ళకు ఒక మాట. రక్తం ఉండదు, చచ్చిన రాక్షసులు పొగ అయిపోతారు. అమెరికా వర్గీకరణలో ఇది పదేళ్ళు నిండిన వాళ్ళకు తగినది. అంతకన్నా చిన్నవాళ్ళు చూస్తే చాలు.

కాబట్టి మా సలహా ఇది. సెకండ్ హ్యాండు పెట్టె దొరికితే పెట్టండి, కానీ ఊరికే వదలొద్దు. ముందు అరగంట అక్షరాలు, తరువాత గంట ఆట. ఒక గుడి ముగిస్తే ఆట చెయ్యి ఇంకొకరికి మారాల, అప్పుడు ఒక్కరి ఆట అనే చిక్కు తీరుతుంది. ఇంగ్లీషు రాతను ఒక పిల్లవాడు గట్టిగా తెలుగులో చెప్పాల. పల్లె తెలిసిన పెద్దవాళ్ళు ఇద్దరు పక్కన కుర్చీ వేసుకొని కూర్చోవాల, తెర మీద కనపడేదానికి పేరు చెప్పడం వాళ్ళ పని. పోయే ముందు ఆ రోజు కొత్తగా వచ్చిన ఐదు మాటలు తెలుగు అక్షరాలతో నోటుబుక్కులో రాయాల. కుర్చీలో పెద్దలు లేని ఆదివారం పెట్టె తెరవొద్దు.

"పిల్లలు ఆటకే వస్తారు, తెలుగుకు రారు" అని మీటింగులో ఒకరన్నారు. నిజమే. నవరాత్రి కొలువుకు మనం కూడా సుండల్ కోసమే పోయినాము. పోయినందుకు నాలుగు పాటలు చెవిన పడినాయి.

వచ్చే మీటింగు లోపల మీ అభిప్రాయం రాయండి. వేరే ఆట చూసినవాళ్ళు దాని మంచి చెడ్డలు చెప్పండి. కుర్చీలో కూర్చోవడానికి ఒప్పుకునే పెద్దలు పేర్లు ఇవ్వండి. మా ఇంటామె పేరు మొదట రాసుకోండి, ఆమెను అడిగే రాస్తున్నాము.